రెండు సెంట్ల ఇంటికి బయటి రంగు

తిరుపతి చుట్టూ కొత్తగా వెలుస్తున్న లేఅవుట్లలో ఏ వీధికి వెళ్లినా రెండు రకాల ఇళ్లే ఎక్కువగా కనిపిస్తాయి. ముదురు నారింజ, చిలకపచ్చ, ఊదా రంగులు వేసుకున్నవి కొన్ని. వాటిని చూసి చూసి విసిగిపోయి తెలుపు, బూడిద రంగులకు మారి, మధ్యలో చెక్కను పోలిన టైల్స్ అతికించుకున్నవి కొన్ని. తిరుచానూరు వైపు రెండు సెంట్ల స్థలంలో మేము కట్టుకున్న ఇంటికి కంటికి హాయిగా ఉండే, ఆర్భాటం లేని రంగు వేయాలని ముందే అనుకున్నాము గాని, అలాంటి రంగును ఎంచుకోవడమే అన్నిటికన్నా కష్టమని షేడ్ కార్డు చేతికి వచ్చాక తెలిసింది. నారింజ ఎక్కడ వేసినా నారింజగానే ఉంటుంది. లేత గంధం రంగు మాత్రం పక్కన ఏముందో, ఎండ ఎటు నుంచి పడుతుందో దాన్ని బట్టి పూటకొక రకంగా కనిపిస్తుంది.

అందువల్ల కార్డును పక్కన పెట్టి, మార్చడానికి వీలులేనివి ఏవో ముందు చూసుకున్నాము. వరండాకు, మెట్లకు పరిచింది కడప బండ. దాని నలుపులో కొంత నీలం ఉంది. ముందు తలుపు టేకు. వీధిలోని మట్టి ఎర్రది, మేడ మీదికి ఎక్కితే ఎదురుగా కనిపించే శేషాచలం రాతి అంచులు సాయంత్రపు ఎండలో ఇంకా ఎర్రనివి. పక్కింటి గోడ లేత పచ్చ. రెండు గోడల మధ్య సందు మూడడుగులే గనుక, ఉదయం ఆ గోడకు తగిలిన ఎండ మా గోడ మీద పచ్చగా పడుతుంది. మనం ఏ రంగు తెచ్చినా వీటన్నిటితో కాపురం చేయాల్సిందే.

తెలుపు వేయిస్తే పేచీ ఉండదని ఇంట్లో ఒక మాట వచ్చింది. దాన్ని తోసిపుచ్చింది మా పెయింటరే. “ఎర్రదుమ్ము లేసే వీధికి మల్లెపూవు తెలుపు ఎందుకమ్మా, ఉగాది దాకా కూడా నిలవదు” అన్నాడు. ఆయన చెప్పని కారణం ఇంకొకటి ఉంది. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే ఊరిలో, మధ్యాహ్నపు ఎండ పడిన తెల్లటి గోడను చూడాలంటే కళ్లు చిట్లించుకోవాలి. అలాగని ముదురు రంగు వేస్తే గోడ వేడిని తాగి రాత్రి లోపలికి వదులుతుంది. రంగు ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చెప్పే కాంతి పరావర్తన విలువను కొన్ని కంపెనీలు షేడ్ నంబరుతో పాటు ఇస్తాయి. పూర్తి నలుపుకు అది 0, పూర్తి తెలుపుకు 100. మా ఎండలకు గోడల రంగు 60కి తగ్గకుండా, 75కు మించకుండా ఉంటే చల్లదనానికి, కంటికి రెండింటికీ సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు లేత రంగుల లోపల దాగి ఉండే ఛాయలతో. కార్డు మీద పక్కపక్కన ఉన్న నాలుగు లేత రంగులు ఒకేలా అనిపిస్తాయి గాని, వాటిలో ఒకటి పసుపు వైపు, ఒకటి గులాబీ వైపు, ఒకటి పచ్చ వైపు, ఒకటి నీలం వైపు మొగ్గుతుంది. మామూలు తెల్ల కాగితాన్ని పక్కన పెట్టి చూస్తే ఆ మొగ్గు బయటపడుతుంది. మేము కార్డును తీసుకెళ్లి మెట్ల మీది కడప బండకు ఆనించి చూశాము: గులాబీ మొగ్గున్న గంధం రంగు అక్కడ మాంసపు రంగులాగా తేలింది, పసుపు మొగ్గున్నది పాతబడిన సున్నంలాగా కనిపించింది. ఆ రెండో రకం నాకు నచ్చింది. చంద్రగిరి కోటలోని రాజమహలును చూసినవారికి ఆ రంగు తెలుసు. సున్నపు గోడలు ఎండకు, వానకు తడిసి ఆరి, వెనకనున్న కొండకు పరాయివి కాకుండా పోయాయి.

బూడిద రంగును నేను గోడలకు వద్దనడానికి కారణం దాని మీద ద్వేషం కాదు. ఎండ పడని ఉత్తరపు గోడ మీద అది నీలంగా మారుతుంది, ఎర్రమట్టి పక్కన మరీ చల్లబడిన పొయ్యిలా కనిపిస్తుంది. అయితే కడప బండకు దగ్గరగా, నేల మట్టంలో దానికి మంచి చోటు దొరికింది. మా పల్లెల్లో గోడ పైభాగానికి సున్నం కొట్టి, అడుగున జానెడో మూరెడో ఎర్రమన్ను పూసేవారు. అది అందం కోసమే కాదు. చూరు నుంచి పడిన వాననీరు మట్టితో కలిసి గోడ మీదికి చిమ్ముతుంది, ఆ మరక అడుగునున్న ముదురు పూతలో కలిసిపోతుంది. మాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి లోతట్టు కాలనీలను ముంచినవీ ఆ కాలపు వానలే. కాబట్టి గోడ అడుగున రెండడుగుల మేర గోధుమ కలిసిన ముదురు బూడిద రంగు వేయించాము. పాత పద్ధతిలోని బుద్ధి అలాగే ఉంది, రంగు మాత్రం మారింది.

చిన్న ఇంటికి ఇంతకు మించి రంగులు అవసరం లేదన్నది నా పట్టుదల. ఇరవై అడుగుల ముఖభాగంలో సజ్జకు ఒక రంగు, పిట్టగోడకు ఒక రంగు, కిటికీల చుట్టూ బార్డరుకు మరొకటి వేస్తే ఇల్లు ముక్కలుగా తెగి ఇంకా చిన్నదైపోతుంది. పిట్టగోడ, గోడ, ప్రహరీ అన్నీ ఒకే గంధం రంగు. సజ్జ అంచులకు, కిటికీ చుట్టుకు అదే రంగులో ఒక మెట్టు లేత. సజ్జ అడుగున నీళ్లు కారిపోయే గాడి ఉందో లేదో మాత్రం రంగు వేయకముందే చూసుకోవాలి. అది లేకపోతే నీళ్లు సజ్జ అడుగు మీదుగా గోడకు చేరి, తడి నిలిచిన చోట బూజు పట్టి నల్లటి చారలు వస్తాయి. ఎంత ఖరీదైన ఎమల్షన్ అయినా వాటిని ఆపలేదు.

లేత గంధం, మట్టి రంగులకు మరొక మేలు ఉంది. వీటిని సాధారణంగా ఐరన్ ఆక్సైడ్ వర్ణకాలతో కలుపుతారు. అవి ఎండకు చెక్కుచెదరవు. మెరిసే పసుపు, గులాబీ వంటివాటిలో చాలా వరకు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. పడమటి గోడ ఒక రంగులో, తూర్పు గోడ ఇంకో రంగులో మిగిలిపోయిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

చిన్న డబ్బా నమూనా తెచ్చి, ప్రైమరు వేసిన గోడ మీద రెండడుగుల చదరాలుగా తూర్పున ఒకటి, పడమట ఒకటి వేయించి, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ చూశాము. ఆరుబయట, పెద్ద గోడ మీద, ఏ రంగైనా కార్డులో కన్నా లేతగా కనిపిస్తుంది. మేము మొదట అనుకున్నదానికన్నా ఒక మెట్టు ముదురు తీసుకున్నది అందుకే. మెరుపు తక్కువగా ఉండే రకాన్నే ఎంచుకున్నాము, ఎందుకంటే ఏటవాలు ఎండలో మెరిసే పూత పూతపనిలోని ప్రతి ఎత్తుపల్లాన్నీ వీధికి చూపిస్తుంది.

కొత్త సిమెంటు పూతకు కనీసం 28 రోజుల గడువు ఇవ్వనిదే రంగు వేయకూడదు. తొందరపడితే గోడలోని తడి, క్షారం బయటికి వచ్చి రంగు మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది. అందుకే వానలు తగ్గి, గోడలు బాగా ఆరాక, సంక్రాంతి తర్వాతే పని మొదలుపెట్టాము. పెయింటరు ఉదయం పడమటి గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు గోడ పట్టుకునేవాడు. కాలిన గోడ మీద పూత పరుచుకోకముందే ఆరిపోయి బ్రష్ గీతలు మిగులుతాయట. రెండు పూతలకు లీటరుకు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తాయి గనుక, వెయ్యి చదరపు అడుగుల గోడకు 20 లీటర్ల బక్కెట్టు ఒకటి చాలుతుంది. అంతా ఒకేసారి కలిపించుకోవడం మంచిది, మెషీన్ కలిపినా రెండోసారి వచ్చిన రంగులో వెంట్రుకవాసి తేడా ఉండవచ్చు.

గేటుకు, గ్రిల్లుకు నలుపు వద్దని మా అత్తయ్య అన్నారు. ఆమె శకునం చూసి అన్నారు. నేను మే నెల మధ్యాహ్నం గేటు గడియ పట్టుకోవాల్సిన చేతిని తలచుకుని ఒప్పుకున్నాను. రెండింటికీ అడుగు పట్టీ కన్నా కొంచెం లేతగా, అదే గోధుమ బూడిద ఎనామిల్ వేశారు. గడపకు పసుపు ఎప్పటిలాగే ఉంది. అంత లేత గోడల మధ్య అది ముందుకన్నా బాగా కనిపిస్తోంది. మిగిలిన అర లీటరు రంగును మెట్ల కింద దాచాము. డబ్బా మూత మీది అంకెలు తుడిచిపోతాయి గనుక, షేడ్ నంబరును, ఆ రంగు కలిపిన మూల పెయింటు (బేస్) పేరును కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు పెయింటరు చేతనే రాయించాము.