బెల్టు మీద తంగేడు పూలు

రేకులకి పసుపు రంగు వేసేశాను. ఇప్పుడు వాటి చుట్టూ ముదురు గోధుమ రంగు వెయ్యాలి, అదే టెన్షన్. తోలు రంగు తాగేస్తే ఇక తుడిచేది ఉండదు.

బావగారి కోసం బెల్టు. రంగుకి ముందే, తోలుని స్పాంజితో తడిపి, పైన దాని సహజ రంగు మళ్లీ తేలికపడుతున్నప్పుడు చెక్కాలి. మరీ తడిగా ఉంటే ముద్ర నిలవదు, ఆరిపోతే కత్తి కదలదు. ఈసారి ఆ పాకం భలే కుదిరింది. కత్తి గీత వెంట బెవెలర్ (తోలుని కిందికి నొక్కే పనిముట్టు) పెట్టి చెక్క సుత్తితో తడుతుంటే రేక పైకి లేచినట్టు కనబడుతుంది. నిజానికి రేక ఉన్నచోటే ఉంది, పక్కనున్న తోలే కిందికి దిగింది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు ముచ్చటే.

క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మీద ఈ పని సాగదు, ముద్ర నిలవదు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు కావాలి. మన దక్షిణాదిలో పాతరోజుల్లో అందుకు ఎక్కువగా వాడింది తంగేడు బెరడే. అందుకే ఈ పూలు.

"పులి బొమ్మ అడిగాను కదమ్మా" అన్నారు బావగారు ఫోన్లో. పులిబొమ్మ బెల్టు పెట్టుకుని ఆఫీసుకి వెళ్తారా ఏంటి!

రంగు ఆరాక, పొడి గుడ్డకి మరక అంటడం ఆగేదాకా రుద్దాలి. లేకపోతే లేత రంగు ప్యాంటు గతి అంతే. ఆ తర్వాత అంచులు తడిపి నున్నగా రుద్దడం.

ఒకటిన్నర అంగుళాల పట్టీకి సరిపడే మంచి ఇత్తడి బకిల్ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పూత వేసింది వద్దు.