డాక్టరు గదిలోకి వెళ్లే ముందే చేసుకోవాల్సిన పని

నెల్లూరు, గూడూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి పెద్ద వైద్యానికి బయల్దేరితే చాలామంది చేరేది చెన్నైకే. గ్రీమ్స్ రోడ్డులో, పోరూరులో ఓపీ వరండాల్లో కూర్చుంటే పక్కన తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. చెన్నైలో ఉంటున్నవాళ్లం కనక బంధువులకు తోడు వెళ్లడం మా వంతు. అలా వెళ్లగా వెళ్లగా నాకు కుదిరిన పద్ధతి ఇది.

ముందు రోజు రాత్రే ఒక తెల్లకాగితం రాయిస్తాను. పైన పేరు, వయసు, బరువు. కింద ఇప్పటి బాధ ఒక్క వాక్యంలో, ఎప్పటి నుంచో సహా. పాత జబ్బులు, ఆపరేషన్లు ఏ సంవత్సరంలోనో. పడని మందులు. మిగతా కాగితమంతా మాత్రలకే, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే. "బీపీకి టెల్మా వేసుకుంటా" అంటే డాక్టరుకు సగమే తెలిసినట్టు. టెల్మా 40లో ఉండేది టెల్మిసార్టాన్ ఒక్కటే. టెల్మా ఏఎంలో దాంతోపాటు ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు ఉంటుంది, టెల్మా హెచ్‌లో నీరు తీసే మందు ఉంటుంది. కాళ్ల వాపని వచ్చిన మనిషికి ఈ తేడాలోనే జవాబు దొరకొచ్చు. ఆమ్లోడిపిన్‌తో చీలమండల దగ్గర వాపు రావడం తెలిసిన విషయమే. అందుకే డబ్బాలో కలిపి పోసుకున్న మాత్రలు కాదు, షీట్లే తెమ్మంటాను. పేరు, మిల్లీగ్రాములు ఉన్న ముక్క చివరిదాకా చింపకూడదు.

మొహమాటంతో రాయనివి కూడా ఉంటాయి. మోకాళ్లకు మెడికల్ షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలు, ఆకుమందు, ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూది. డాక్టరు తిడతారని దాస్తారు. తిడితే తిట్టనివ్వండి! డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆ సంగతి చెప్పకపోతే ఉన్న బీపీ మాత్ర మీద ఇంకొకటి కలుపుతారు. సూది స్టెరాయిడ్ అయితే సుగర్ కూడా పెరుగుతుంది.

పెద్ద ఆస్పత్రుల్లో సాధారణంగా ముందు జూనియర్ డాక్టరు అన్నీ అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తారు. "పెద్దాయనకే చెబుతాంలే" అని అక్కడ ముక్తసరిగా ముగిస్తారు మనవాళ్లు. పెద్దాయన ముందు చూసేది ఆ రాసిందే. చెప్పాల్సిందంతా అక్కడే చెప్పాలి. తెలుగు తెలిసిన సిబ్బంది ఉన్నారేమో రిజిస్ట్రేషన్ దగ్గరే కనుక్కోవడం మంచిది.

"కళ్లు తిరుగుతున్నాయండి" అని ఆపేస్తే చాలదు. పక్క మీద ఇటు నుంచి అటు దొర్లినప్పుడు గది గిర్రున తిరిగితే లోపలి చెవిని అనుమానిస్తారు. కూర్చుని లేవగానే కళ్లకు చీకట్లు కమ్మితే నిలబడ్డప్పుడు బీపీ పడిపోతోందేమో చూస్తారు. అది మాత్ర మోతాదు ఎక్కువై కూడా కావచ్చు. నడుస్తుంటే తూలిపోతే నరాల వైపు ఆలోచిస్తారు. ఆయాసమూ అంతే. "వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, రెండు తలగడలు కావాలి" అన్న మాటతో గుండె మీదికి దృష్టి పోతుంది. ఈ మాటలు రోగి నోటి నుంచే రావాలి. పక్కనున్న కొడుకో కోడలో అందుకుని "గ్యాసేనండీ" అనేస్తే అసలు సంగతి అక్కడే మరుగున పడుతుంది. నేను మాత్రం రోగి చెప్పడం ఆపాకే, మర్చిపోయింది ఉంటే అందిస్తాను.

స్కాన్ ఉంటే రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకెళ్లాలి, సర్జన్లు బొమ్మలు తామే చూసుకుంటారు. కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఎక్కించి సీటీ తీస్తామంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, సుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారో లేదో, ఇదివరకు కాంట్రాస్ట్‌కు దద్దుర్లు వచ్చాయో లేదో చెప్పాలి. ఖరీదైన పరీక్ష రాస్తే "దీని ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా సార్?" అని అడుగుతాను. ఇందుకు నన్నెవరూ కసురుకోలేదు.

లేచే ముందు తప్పనిసరిగా అడగాల్సింది: పాతవాటిలో ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి? ఊళ్లో సుగర్‌కు గ్లైకోమెట్ జీపీ వాడే మనిషికి ఇక్కడ అమరిల్ ఎం రాశారనుకోండి. రెండింట్లోనూ ఉన్నవి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లే. పేర్లు వేరు కదా అని రెండూ మింగితే సుగర్ పడిపోయి చెమటలు, వణుకు మొదలవుతాయి.

ఆస్పత్రిలో చేరిన కేసైతే డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా కేసు కాగితాల నకళ్లు అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 సంవత్సరాలు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.