‘ఆసక్తి లేదు’ అనే ముందు

అమెరికాలో ఓటింగ్ శాతం పడిపోయినప్పుడల్లా వినబడే మాట ఒకటే: జనానికి ఆసక్తి లేదు. రెండు అధ్యక్ష ఎన్నికల నడుమ వచ్చే మధ్యంతర ఎన్నికలు తీసుకోండి. 2014లో ఓటు హక్కు ఉన్నవారిలో సుమారు 36 శాతమే ఓటేశారు. నాలుగేళ్ల తర్వాత, 2018 మధ్యంతరంలో అది దాదాపు 50 శాతానికి చేరింది. అదే దేశం, అదే రకం ఎన్నికలు. ఆసక్తి అనేది పుట్టుకతో వచ్చే గుణమైతే ఇంత తేడా ఉండదు.

టెక్సస్‌లో నేను స్వచ్ఛందంగా ఓటర్లను నమోదు చేస్తుంటాను. వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్ అంటారు. సెలవు రోజుల్లో గుడి బయట బల్ల వేసుకుని కూర్చుంటే మనవాళ్లు మొదట అడిగేది, “ఆన్‌లైన్‌లో చేసుకోలేమా?” అని. కొత్తగా నమోదయ్యేవారికి ఇక్కడ ఆ వీలు లేదు. కాగితం నింపి, పెన్నుతో సంతకం పెట్టాలి. దాన్ని నేను ఐదు రోజుల్లోగా కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయంలో అందజేయాలి, లేకపోతే నామీద కేసు పెట్టవచ్చు. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. నా నియామకం కాలిన్‌కే పరిమితం. డెంటన్ వైపు కాపురముండే మనిషి నా ఎదురుగా నిలబడి, పేరూ చిరునామా రాసి ఇస్తానన్నా నేను తీసుకోకూడదు. ఖాళీ దరఖాస్తు చేతికిచ్చి, మీరే పోస్టులో పంపండని చెప్పాలి. వారిలో ఎందరు పంపుతారో నాకు తెలియదు గానీ, పంపనివారిని బద్ధకస్తులు అనడానికి నాకు మనసొప్పదు.

పైగా ఇదంతా ఎన్నికలకు 30 రోజుల ముందే పూర్తికావాలి. ఊళ్లో ప్రచారం వేడెక్కి, మనిషికి ఓటు మీద ధ్యాస కలిగే వేళకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. మిన్నెసోటాలో అయితే పోలింగ్ రోజునే నమోదు చేసుకుని ఓటేయవచ్చు, అదీ 1970ల నుంచి. గుర్తింపు కార్డుల సంగతీ అంతే. టెక్సస్‌లో తుపాకీ లైసెన్సు చూపించి ఓటేయవచ్చు, కాలేజీ కార్డు మాత్రం చెల్లదు. ఇది అన్యాయమని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించేది మన పెద్దవాళ్ల పరిస్థితి. మా అత్తయ్యగారికి ఇంగ్లీషు చదవడం రాదు. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉన్నవారు పౌరసత్వ పరీక్షలో ప్రశ్నలకు సొంత భాషలోనే జవాబు చెప్పవచ్చు. ఆవిడ అలాగే పౌరురాలయ్యారు. బ్యాలెట్ మాత్రం తెలుగులో ఉండదు. పైగా పార్టీ పేరు ఒక్కటి నొక్కితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడిపోయే పద్ధతిని టెక్సస్ 2020 నుంచి ఎత్తేసింది. సెనేటర్, జడ్జీలు, కౌంటీ పదవులు, పేరుకు రైల్‌రోడ్ అయినా నిజానికి చమురు, గ్యాస్ వ్యవహారాలు చూసే కమిషనర్ పదవి, ఇలా ప్రతిదానికీ విడివిడిగా ఎంచుకోవాలి. లోపల ఫోను వాడకూడదు. అందుకే ముందు రోజు రాత్రి ఇద్దరం కూర్చుని, ఏ పదవి ఏం చేస్తుందో మాట్లాడుకున్నాం. తనకు నచ్చిన పేర్లను ఆవిడే తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నారు.

తీరా వెళ్తే, బూత్ దగ్గరికి ఒక్కరే వెళ్లాలని అక్కడి ఉద్యోగి ఆపేశాడు. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లవచ్చు, తన యజమానో యూనియన్ ప్రతినిధో కాకుండా ఉంటే చాలు. 1982లో ఓటింగ్ హక్కుల చట్టానికి చేర్చిన 208వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతోంది. నేను ఆ సెక్షన్ పేరెత్తాక ఆ పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ఎలక్షన్ జడ్జి వచ్చి, నా చేత ప్రమాణం చేయించి పంపించారు. సెక్షన్ నంబరు తెలియని కోడలు వెంట ఉంటే? ఆ పెద్దావిడ వెనక్కి తిరిగి వచ్చేవారు. ఆసక్తి లేనివారి లెక్కలో ఇంకొకరు చేరేవారు.

ఇన్ని చెప్పినా, ఒకచోట మాత్రం మనవాళ్లను వెనకేసుకురాలేను. ఏటా ఇంటి పన్ను బిల్లు వచ్చినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత ఆవేదనో! అందులో పెద్ద వాటా స్కూలు డిస్ట్రిక్ట్‌దే. ఆ రేటు ఖరారు చేసే ట్రస్టీలను, నగర కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేది మే నెల మొదటి శనివారం. ఆ రోజు ఇంట్లోనే ఉంటారు, నమోదై ఉంటారు, కారు ఉంటుంది, ఇంగ్లీషు వచ్చు. అయినా వెళ్లరు. ఇలాంటి పోటీలు కొద్ది వందల ఓట్లతో తేలిపోవడం మామూలే.

అందుకే ఈ మధ్య బల్ల దగ్గర నవంబరులో జరిగే పెద్ద ఎన్నికల గురించి తక్కువ మాట్లాడుతున్నాను. పన్ను గురించి బాధపడేవారెవరైనా కనబడితే, మే ఎన్నికల ముందస్తు ఓటింగ్ తేదీలు రాసిన చీటీ చేతిలో పెట్టి, ఇంట్లో చదవలేని పెద్దవాళ్లు ఉంటే వెంట తీసుకెళ్లమని చెబుతున్నాను. చీటీ వెనక 208 అని పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నాను.