పళ్లు లేని తాళంచెవి

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు సొరుగు లాగితే క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటివి) ఓ పదిహేను దాకా ఉంటాయి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, దాని కింద పేరు రాసిన చీటీ. కొన్ని చీటీల మీద పిన్ కూడా రాసి ఉంటుంది. (ట్యాక్స్ ప్రాక్టీసులో ఉన్నవాళ్లు నవ్వకండి, మీ సొరుగూ అంతే.) వాటిలో కలిసిపోతుందనే భయంతో నా సెక్యూరిటీ కీని, అంటే మెయిల్‌లోకి లాగిన్ అయ్యేది నేనేనని రుజువు చేసే చిన్న యూఎస్‌బీ బిళ్లని, ఇంటి తాళాల గుత్తికి తగిలించాను.

దీన్ని కొనిపించింది ఒక ఇరవయ్యో తారీఖు. జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకి ఆఖరి రోజు, రాత్రి తొమ్మిది దాటింది. క్లయింటు పేరుతో "పర్చేజ్ బిల్లులు" అని మెయిల్. నొక్కితే మళ్లీ లాగిన్ అవమంది. పాస్‌వర్డ్ కొట్టాను, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా కొట్టాను. బిల్లులు తెరుచుకోలేదు. కాసేపటికి నరసరావుపేట క్లయింటు ఫోన్: "ఏంటి సార్, చలానా డబ్బులు కొత్త అకౌంటుకి వేయమన్నారు?"

మెయిల్ మళ్లీ నా చేతికి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అందరికీ ఫోన్ చేసి "అది పంపింది నేను కాదండీ" అని చెప్పుకోవడమే పని.

ఓటీపీ ఉండగా ఎలా పోయిందని చాలా తన్నుకున్నాను. నేను దొంగ పేజీలో కొట్టిన అంకెలు అప్పటికప్పుడే అసలు పేజీకి వెళ్లిపోయాయి, అంతే. కీ దగ్గర ఆ ఆట సాగదు. రిజిస్టర్ చేసినప్పుడు ఆ సైటు కోసమే ఒక రహస్య సంకేతం తయారవుతుంది, అది బయటికి రాదు. లాగిన్ అప్పుడు తానున్న అడ్రస్ ఏదో బ్రౌజరే కీకి చెబుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా కీ పలకదు. రాత్రి తొమ్మిది దాటాక నా కళ్లు ఆ అక్షరాన్ని పట్టుకోలేవని రుజువైపోయింది కదా.

మనమే కాదు, 2022 జులైలో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో ముగ్గురు ఉద్యోగులు ఇలాంటి దొంగ పేజీలోనే పాస్‌వర్డ్ కొట్టేశారు. నెట్ సెక్యూరిటీయే వాళ్ల వ్యాపారం! అక్కడ అందరికీ ఈ కీలు ఇచ్చి ఉండటంతో దొంగలు లోపలికి రాలేకపోయారు. అది చదివి నా సిగ్గు కొంచెం తగ్గింది.

వాడటం సులువే. యూఎస్‌బీలో పెట్టి బంగారు రంగు బిళ్ల మీద వేలు ఆనించాలి. ఫోన్‌కైతే వెనక తాకిస్తే చాలు. సిగ్నేచర్ టోకెన్‌లా డ్రైవర్లు వేసుకునే గోల లేదు. మొదటి వారం నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, కీ పెట్టాను గానీ పాత ఎస్సెమ్మెస్ ఓటీపీ తీసేయలేదు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే.

ఒకటి పోతే దిక్కు ఉండాలని రెండు కొన్నాను, చవకేం కాదు. రెండోది బీరువా లాకర్లో, జీమెయిల్ ఇచ్చిన పది బ్యాకప్ కోడ్ల ప్రింటు పక్కన పెట్టాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ బీరువాదిరా ఇది, పళ్లే లేవు?" అంది.

నా బ్యాంకు, జీఎస్టీ పోర్టల్ ఇంకా ఓటీపీ మీదే నడుస్తున్నాయి. కాబట్టి కీ కాపలా ప్రస్తుతానికి మెయిల్‌కే.

నిన్న మా కుర్రాడికి ఆ చీటీల మీది పిన్‌లు కొట్టేయమని చెప్పాను. "మరి మనకి గుర్తుండేదెలా సార్?" అన్నాడు. ఇంకా కొట్టేయలేదు.