గెడ్డ నోటి దగ్గర ఒక ఆదివారం

మొన్న ఆదివారం చెత్త ఏరడానికి విశాఖలోని జోడుగుళ్లపాలెం బీచ్‌కి వెళ్లాం, మా వీధి వాళ్లు, నాతో డిగ్రీ చదివినవాళ్లు, ఇద్దరు ఇంటర్ తమ్ముళ్లు, అంతా కలిపి పద్దెనిమిది మందిమి. పొద్దున్నే ఐదున్నరకే దిగిపోయాం, ఎండెక్కితే ఇసక మీద నిలబడలేం కదా. సంచులు కొనలేదు, కిరాణా కొట్లో ఖాళీ బియ్యం సంచులు అడిగి తెచ్చుకున్నాం.

చెత్తంతా షికారుకొచ్చినోళ్లు పడేసిందే అనుకున్నా ఇన్నాళ్లూ. వాళ్లవీ ఉన్నాయి, నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, 2022 జూలైలోనే నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులు. కానీ గెడ్డ, అంటే ఊళ్లోంచి వచ్చే వాగు, సముద్రంలో కలిసే చోటికి వెళ్లాక చూస్తే షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు, డైపర్లు, తెగిన చెప్పులు, మందుబిళ్లల అట్టలు... ఇవన్నీ మన ఇళ్లల్లోంచి వచ్చినవే! వీధి కాలవలో పడేస్తాం, అది గెడ్డలోకి పోతుంది, గట్టిగా వాన పడితే గెడ్డ మొత్తం తెచ్చి ఇక్కడ పోసేస్తుంది. పక్కనున్న రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వస్తే అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం, ఆ సముద్రమే కదా ఇది కూడా.

అన్నిటికన్నా ఎక్కువ టైం పట్టింది ఒక నైలాన్ వలకి. సగం ఇసకలో పూడుకుపోయింది, లాగితే రాదు, నలుగురం చేతుల్తో తవ్వుతూ కూర్చున్నాం, లోపల పీతలు చిక్కుకుని చచ్చిపోయున్నాయి. ఇలా ఎలా వదిలేస్తారు అని నేను కొంచెం గట్టిగానే అన్నా. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత విన్నాడు. "వల పోతే మాకు అప్పే మిగులుద్ది బాబూ, కావాలని ఎవుడు వదుల్తాడు, రాయికి పట్టేసి తెగిపోద్ది" అన్నాడు, అని తన కత్తి తెచ్చి దగ్గరుండి కోసిచ్చాడు. నాకు చాలా సిగ్గేసింది.

జనవరి నుంచి ఇదే ఇసకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి, పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాక్కుంటూ పోవాలి, ఆ దారిలో ఈ వల ఉంటే ఇంకేముంది. అందుకే ఆ నెలల్లో పలుగూ పారా తేవొద్దు, పైన కనపడింది మాత్రమే ఏరాలి అని ముందే గ్రూపులో పెట్టేశాం.

మొత్తం 31 సంచులయ్యాయి. తొమ్మిదింటికి వస్తానన్న చెత్త బండి పన్నెండైనా రాలేదు, కుక్కలు అప్పటికే సంచులు చింపుతున్నాయి, ఇక ఫ్రెండ్ వాళ్ల ఆటోలో మూడు ట్రిప్పులు వేశాం. సీసాలు పాత సామాన్ల కొట్టువాడు తీసుకున్నాడు, షాంపూ ప్యాకెట్లు మాత్రం ఊరికే ఇస్తామన్నా వద్దన్నాడు.

వచ్చే ఆదివారం బీచ్‌కి వెళ్లట్లేదు. గెడ్డ పట్టుకుని పైకి, మా వీధి దాకా నడుస్తున్నాం, ఏ కాలవ ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ చెత్త పోస్తున్నారో రాసుకుంటూ. తాత కూడా వస్తానన్నాడు, మీ వీధి ఎక్కడో నాకూ చూపించండి అని.