ఎంబసీ గేటు బయట లైను

2008 జులై 7 పొద్దున్న నేను కువైట్లో ఒక ఆసుపత్రి బయట కార్లో ఏసీ వేసుకుని కూర్చున్నాను. అప్పట్లో నేను హౌస్ డ్రైవర్ని, ఇరవై నంబరు వీసా, అంటే ఇంటి పనోళ్ళ వీసా, మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వాళ్ళమ్మగార్ని చూపించుకోడానికి తీసుకొచ్చాను. మా కోనసీమలో సఖినేటిపల్లి డ్రైవర్ ఒకాయన ఫోన్ చేసి "కాబూల్లో మన ఎంబసీ పేల్చేసారంటరా" అన్నాడు. నాకు కాబూల్ ఎక్కడుందో కూడా సరిగ్గా తెలీదండీ, కళ్ళముందు కనపడింది మాత్రం దయ్యా ఏరియాలో మన ఎంబసీ గేటు, ఆ గేటు ముందు లైను.

ఎందుకంటే పదిహేను రోజుల ముందే ఆ లైన్లో నించుని వచ్చాను. మలికిపురం ఆవిడ ఒకావిడ ఒక ఇంట్లో పనిచేస్తుంది, ఐదు నెలలు జీతం ఇవ్వలేదు, కంప్లైంట్ రాయిద్దామని నాతో తీసుకెళ్ళాను. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో వీసా జెరాక్సు, పిల్లల ఫొటో ఒకటి, అంతే, పాస్‌పోర్టు ఇంటోళ్ళ దగ్గరే ఉండిపోయింది. కాళ్ళకి చూస్తే బాత్రూంలో వేసుకునే నీలం రబ్బరు చెప్పులు, కాలే రోడ్డు మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతా నించుంది. నీడలోకి రామ్మా అంటే రాదు, లైను పోద్దంట. గేటు లోపలికి వెళ్తే చాలు బతికిపోయినట్టే అనుకునే మనుషులం మేము. మా ఊరోళ్ళకి ఎంబసీ అంటే జెండా కాదు, తలుపు.

అందుకే కాబూల్ వార్త నన్ను వదల్లేదు. మనవాళ్ళ కారు గేట్లోకి తిరుగుతుంటే ఆత్మాహుతి వాడు బాంబు కారుతో వచ్చి గుద్దేసాడు. 58 మంది చనిపోయారు. బ్రిగేడియర్ రవి దత్ మెహతా గారు, మన తెలుగాయన, ఎంబసీలో కౌన్సిలర్ హోదా దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు గారు, కాపలా ఉన్న ఐటీబీపీ (సరిహద్దు పోలీసు దళం) జవాన్లు ఇద్దరు, నలుగురికీ తర్వాత కీర్తి చక్ర అనే సాహస పతకం ఇచ్చారు. మిగతా వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్ఘన్లే, వీసా కోసం గేటు బయట నించున్నవాళ్ళు. వాళ్ళ చేతుల్లో కూడా జెరాక్సు కాగితాలే ఉండుంటాయి కదా, ఎవరికి వైద్యమో ఎవరికి చదువో.

మరి మన ప్రభుత్వం ఏం చేసిందండీ? పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ పనే ఇది అని అప్పటి జాతీయ భద్రతా సలహాదారు ఎం.కె. నారాయణన్ గారే బయటికి చెప్పారు. జులై 21న ఢిల్లీలో పాకిస్తాన్‌తో విదేశాంగ కార్యదర్శుల చర్చలకి కూర్చున్నారు, శాంతి ప్రక్రియ ఒత్తిడిలో ఉందని మన విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మీనన్ గారు అన్నారు. రెండు వారాలు తిరిగిందండీ, అంతే. నేను మాట్లాడొద్దనట్లేదు, కువైట్లో పాకిస్తాన్ డ్రైవర్లతో ఒకే కంచంలో తిన్నవాణ్ణి నేను. కానీ ముందు ఈ 58 మంది సంగతి తేలాలి అని బల్ల గుద్ది అడగాల్సింది, ఆ అడగటం నాకు కనపడలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2009 అక్టోబరు 8న మళ్ళీ అదే ఎంబసీ మీద కారు బాంబు. ఈసారి పేలుడు బయట గోడ దగ్గరే ఆగింది, లోపల మనవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు, 17 మంది పోయారు, పోయినవాళ్ళు గోడకి అవతల ఉన్నవాళ్ళు.

2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన మహిళా దౌత్యాధికారిని అరెస్టు చేసి బట్టలిప్పించి తనిఖీ చేసారని ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందు బ్యారికేడ్లు తీయించేసారు. అవమానమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కేసు ఎవరి గురించి? ఇంట్లో పనిచేసే మనిషి జీతం గురించి, ఆ మనిషి కూడా మన దేశస్తురాలే. ఆ రాత్రి మా రూంలో కోనసీమోళ్ళం ఆరుగురం ఉన్నాం, టీవీలో బ్యారికేడ్లు లాగేస్తుంటే ఒక్కడికీ మాట రాలేదు, నాకైతే ఆ నీలం చెప్పులే గుర్తొచ్చాయి.

2023 మార్చి 19న లండన్లో మన హైకమిషన్, అంటే అక్కడి మన ఎంబసీయే, దాని మీద జెండా ఖలిస్తాన్ వాదులు లాగేసారు. అప్పటికి నేను ఇంటికొచ్చేసాను, రాజోలులో టీ కొట్టు దగ్గర ఫోన్లో చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రికే బ్రిటన్ దౌత్యవేత్తని పిలిచి నిలదీసారు, మంచి పని చేసారు. 22న మాత్రం చాణక్యపురిలో బ్రిటిష్ హైకమిషన్ ముందు బ్యారికేడ్లు తీసేసారు, లండన్లో కాపలా పెంచారు, అందరూ దెబ్బకి దెబ్బ అన్నారు. నాకది నచ్చలేదండీ. 1961 వియన్నా ఒప్పందం 22వ ఆర్టికల్ ఎంబసీని కాపాడే బాధ్యత ఆ దేశానిదే అంటుంది, లండన్లో మనం అడిగింది ఆ మాటే, అదే మాట ఢిల్లీలో మనం తప్పితే రేపు ఇంకో దేశంలో ఏ మొహంతో అడుగుతాం? అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ మార్చిలోనే మన కాన్సులేట్ మీద పడి పగలగొట్టారు, జులై 2న ఏకంగా నిప్పే పెట్టారు. బ్యారికేడ్లు తీస్తే టీవీలో కనపడుద్ది. ఏ ఎంబసీ గేటు ముందు ఎంతమంది నించుంటున్నారు, వాళ్ళకీ రోడ్డుకీ మధ్య ఒక అడ్డుగోడ ఉందా, లైనుని లోపలికి ఎందుకు తీసుకోరు, ఇవి అడిగేవాళ్ళు లేరు. జెండాకి జరిగితే ఆ రాత్రే కదిలారు, గేటు బయట మనిషికి జరిగితే కూడా అలాగే కదలాలి, నేనడిగేది అదేనండి.

మలికిపురం ఆవిడకి మూడు నెలల జీతం వచ్చింది, మిగతాది రాలేదు. ఇప్పుడు ఆవిడ కూతురు వెళ్తుంది కువైట్‌కి. మొన్న పంటు రేవులో కలిస్తే ఎంబసీ నంబరు కాగితం మీద రాసిచ్చాను, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి మీ అమ్మకి పంపించు అన్నాను, గేటుకి ఎదురుగా మాత్రం నించోకమ్మా, గోడ పక్కకి జరిగి నించో అన్నాను. "ఎండకా మావయ్యా?" అనడిగింది. అవునమ్మా అన్నాను.