స్టీలు కెటిల్‌కు రెండు బెజ్జాలు: ఏ పనిముట్టు నిలిచిందంటే

బీరు కాచే కెటిల్‌కు అడుగున కుళాయి లేకపోతే, వేడివేడి వోర్ట్‌ను (పులియబెట్టక ముందు ఉండే తియ్యటి మాల్టు రసాన్ని) మగ్గుతో తోడుకోవాలి. రెండు సార్లు చేతులు కాల్చుకున్నాక ఇక లాభం లేదనుకున్నాను. కుళాయికి ఒకటి, థర్మామీటరుకు ఒకటి, మొత్తం రెండు బెజ్జాలు కావాలి. రెండు ఫిట్టింగులూ అరంగుళానివే. అరంగుళమన్నది పైపు లెక్క. ఫిట్టింగు మరచుట్ల మీద అడ్డంగా కొలిస్తే 21 మిల్లీమీటర్లు దాటింది. అంటే బెజ్జం 22 ఉండాలి.

మొదట ఇంట్లో ఉన్న మామూలు బిట్టుతోనే మొదలుపెట్టాను, డ్రిల్లు పూర్తి స్పీడులో. కీచుమని మోత, కాస్త పొగ. తీసి చూస్తే కెటిల్ మీద అద్దంలా మెరిసే చిన్న గుంట, చుట్టూ నీలం మరక; బిట్టు మొన అరిగిపోయింది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది అదే గుణం. కోయకుండా రుద్దితే రుద్దినచోటే గట్టిపడుతుంది. ఆ తర్వాత బిట్టు జారుతుందే తప్ప దిగదు. కోబాల్ట్ కలిసిన బిట్టు తెచ్చి, కటింగ్ ఆయిల్ చుక్కలు వేసి, స్పీడు బాగా తగ్గించి గట్టిగా అదిమాను. ఈసారి పొడి రాలేదు, సన్నటి చుట్టలు వచ్చాయి. స్టీలు తెగుతోందనడానికి అదే గుర్తు.

బెజ్జం పెద్దది చేయడానికి హోల్ సా (డ్రిల్లుకు తగిలించే, అంచున పళ్లున్న గుండ్రటి రంపం) వాడదామనుకుని ముందు ఓ పాత స్టీలు గిన్నె మీద చూశాను. గోడ పల్చన, పైగా వంపు. పళ్లన్నీ ఒకేసారి ఆనవు, ఒకవైపు పట్టేసి లాగేస్తాయి. రేకు చిరిగింది. మందం రేకుకైతే సరే గానీ, మిల్లీమీటరు గోడకు దాన్ని నేను వద్దనే అంటాను.

కుళాయి బెజ్జానికి స్టెప్ బిట్టు, అంటే మెట్లు మెట్లుగా లావయ్యే బిట్టు, వాడాను. లోపల చెక్క దిమ్మ ఆనించి, నిమిషానికి రెండు వందల చుట్లకు మించకుండా, మెట్టు మెట్టుకూ నూనె వేస్తూ దింపాను. 22 మెట్టు దాటిపోకుండా పైమెట్టుకు టేపు చుట్టాను. చివరి మెట్ల దగ్గర బాగా అదిరింది, అంచు కాస్త గరుకుగా మిగిలింది.

థర్మామీటరు బెజ్జానికి ఎలక్ట్రీషియన్లు ప్యానెల్ బాక్సులకు బెజ్జాలు కత్తిరించడానికి వాడే నాకౌట్ పంచ్ అరువు తెచ్చాను. దాని బోల్టు దూరేంత బెజ్జం ముందు చేసి, లోపల ఒక ముక్క, బయట ఒక ముక్క పెట్టి పానాతో బిగిస్తూ పోవడమే. వేడి లేదు, అదురు లేదు. బిగువు పెరిగి పెరిగి ఒక్కసారిగా టక్కుమని వదిలింది. గుండ్రటి స్టీలు బిళ్ల అరచేతిలో పడింది. ఆ శుభ్రత చూశాక నా మనసు పంచ్ వైపే. ఖరీదు ఎక్కువే, ఒక్క బెజ్జానికైతే స్టెప్ బిట్టు చాలు.

అంచులకు కొత్త ఆకురాయి వాడాను. ఇనుము మీద వాడినదైతే ఆ రజను స్టీలుకు అంటుకుని తుప్పు పడుతుంది. సిలికాన్ రింగులు వేసి బిగించి నీళ్లు మరిగించాను. థర్మామీటరు దగ్గర తడి లేదు. కుళాయి కింద మాత్రం నిమిషానికో చుక్క. విప్పి చూస్తే గరుకు అంచు రింగును గీరింది. మళ్లీ ఆకురాయి పట్టి, రింగు మార్చి, ఇంకోసారి మరిగించాను. గంటసేపు కాగినా కుళాయి కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది.